త్యాగరాజు పళ్ళెం ఎంచుకున్న వారం

త్యాగరాజు ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి అతని తల్లి తాయారమ్మ మనవరాలి స్కూలు డైరీని గుండెకి హత్తుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. డైరీలో అంటించిన కాగితం గులాబీ రంగులో ఉంది కాబట్టి అదేదో పెద్ద విషయమే అయ్యుంటుందని మధ్యాహ్నం నుంచీ దాన్ని కింద పెట్టలేదు.

"పిల్లని బడిలోంచి తీసేశారేమో చూడరా" అంది.

తీసెయ్యలేదు. కాగితం చదివాక మాత్రం, తీసేసినా ఇంత కంగారు పడేవాణ్ణి కాదనిపించింది త్యాగరాజుకి. చహక్ ప్రైమరీ స్కూల్లో మధ్యాహ్నం భోజనం బడివాళ్ళే పెడతారు. ఇన్నాళ్ళూ వారానికో పట్టిక ఉండేది. ఏ రోజు ఏది వండితే అది తినడమే. ఇకనుంచి రోజూ రెండు రకాలు వండుతారట. పసుపు పళ్ళెం తీసుకుంటే ఒకటి, ఆకుపచ్చ పళ్ళెం తీసుకుంటే ఇంకొకటి. ఏది కావాలో పిల్లలే ఎంచుకుంటారు. చివరి వాక్యం దగ్గర త్యాగరాజు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు: 'దీనికి తల్లిదండ్రుల సంతకం అవసరం లేదు.'

అతను కేంద్ర ప్రభుత్వ మంత్రిత్వ శాఖ ఒకదానిలో సెక్షన్ ఆఫీసరు. పదహారేళ్ళ సర్వీసులో సంతకం అవసరం లేని కాగితాన్ని అతను చూడటం అదే మొదటిసారి.

"భానూ, ఇలా రా. రెండు పళ్ళాలుంటే నువ్వు ఏం చేస్తావు?" అని కూతుర్ని అడిగాడు.

మూడో తరగతి చదువుతున్న భానుశ్రీ రంగు పెన్సిలు చెక్కుకుంటూ, "ఏక్ లే లూఁగీ" అంది. ఒకటి తీసుకుంటానంది, అంతే.

"ఏది తీసుకుంటావు? ఎలా నిర్ణయిస్తావు? ఎవర్ని అడుగుతావు?"

"పాపా, ఖానా హీ తో హై" అని ఆ పిల్ల పెన్సిలు చెక్కు ఊదేసి వెళ్ళిపోయింది. తిండే కదా అన్న ఆ మాట త్యాగరాజుకి అర్థమైంది గానీ మింగుడుపడలేదు.

ఇక్కడ త్యాగరాజు సంగతి కొంత చెప్పాలి. అతను చెడ్డవాడు కాదు, సోమరి అంతకన్నా కాదు. ఇరవై ఏళ్ళ కిందట సివిల్స్ రాద్దామని కాకినాడ నుంచి ఢిల్లీ వచ్చి కరోల్ బాగ్‌లో ఒక గదిలో ముగ్గురితో కలిసి ఉన్నాడు. రోజుకి పధ్నాలుగు గంటలు చదివాడు. ఆప్షనల్ సబ్జెక్టుగా చరిత్ర తీసుకోవాలా, భూగోళం తీసుకోవాలా అన్నది తేలక ఇద్దరు ప్రొఫెసర్లనీ, ఒక జ్యోతిష్కుణ్ణీ, గది కింద మోమోలు అమ్మే ఆమెనీ సలహా అడిగాడు. సలహాలు సరిసమానంగా వచ్చాయి. ఈలోపు దరఖాస్తు గడువు అయిపోయింది. ఆ మరుసటి ఏడాదీ అంతే. చివరికి ఆప్షనల్ అనేదే లేని పరీక్ష ఒకటుందని తెలిసి అది రాశాడు, మంచి ర్యాంకు వచ్చింది. ఏ పోస్టు ముందు కావాలో ఆ వరస మాత్రం గదిలో స్నేహితుడే నింపిపెట్టాడు. పెళ్ళికూతుర్ని తల్లి చూసింది. ఇల్లు ప్రభుత్వం ఇచ్చింది. చొక్కాల రంగు భార్య ఇంద్రజ చూసుకుంటుంది. ఆమె పెద్దాసుపత్రిలో నర్సు, డ్యూటీకి వెళ్ళేముందు మంచం మీద మొగుడి బట్టలు తీసిపెట్టి మరీ వెళుతుంది.

ఆ సాయంత్రానికే స్కూలు తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు కుతకుత ఉడికిపోయింది.

ముందుగా మాట్లాడినవాడు సుబేదార్ లింగయ్య. జగిత్యాల మనిషి, సైన్యంలో పనిచేస్తూ కంటోన్మెంట్‌లో ఉంటాడు, కొడుకు రెండో తరగతి. అతను టైపు చెయ్యడు, గొంతు రికార్డు చేసి పంపుతాడు. "అన్నా, గిదేంది? పోరలకు ఆప్షన్ ఇచ్చుడేంది? ఫౌజ్‌ల గిట్ల అడుగుతరా, లడాయికి పోతవా, పంటవా అని? అందరు పంటం అంటరు!"

తరవాత అనసూయ. కడప నుంచి వచ్చి ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా చేస్తోంది, కూతురు ఒకటో తరగతి. ఆమె బాధ వేరు. "రెండే పెడితే ఎట్ల? రెండిటికీ మధ్యలో ఉండే పిల్లోల్లు యాడికి పోవాల? మూడో పళ్ళెం ఉండాల. అది ఉంటే మూడిట్లో రెండ్రెండుకి మధ్య మళ్ళీ రెండు ఖాళీలొస్తాయి. కాబట్టి ఐదుండాల" అని లెక్క గీసి ఫొటో పెట్టింది.

ఒకాయన రంగుల మీద పడ్డాడు. పసుపు శుభకరం కాబట్టి పిల్లలంతా అటే పోతారు, ఆకుపచ్చ పళ్ళేనికి అన్యాయం జరుగుతుంది అన్నాడు. ఇంకొకావిడ తన కొడుకు రోజూ పసుపే తీసుకుని పెద్దయ్యాక అన్నిట్లోనూ మొండివాడైతే బాధ్యత ఎవరిదని అడిగింది. వంటల పేర్లు ఇంతవరకూ ఎవరికీ తెలియవు, అడిగినవాళ్ళూ లేరు.

త్యాగరాజుకి ఇలాంటి చోట ఏం చెయ్యాలో బాగా తెలుసు. కూర్చుని పధ్నాలుగు పేజీల విజ్ఞాపన రాశాడు, మూడు అనుబంధాలతో. 'ఎనిమిదేళ్ళ బాలిక తుది నిర్ణయాధికారిగా వ్యవహరించుట ఏ నిబంధన ప్రకారము?' అన్నది మొదటి ప్రశ్న. రెండు పళ్ళేలూ ఒకేసారి అయిపోయిన పక్షంలో ఏమి చేయవలెను అన్నది నలభై ఒకటవది. గ్రూపులో అందరూ చదవకుండానే చప్పట్లు కొట్టారు.

శనివారం నాడు ప్రిన్సిపాల్ చాందినీ మేడమ్ తల్లిదండ్రుల్ని పిలిచింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ముప్పై ఏళ్ళుగా చిన్నపిల్లలతోనే గడిపిన మనిషి. ఎవరితో మాట్లాడినా కొంచెం వంగి, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా మాట్లాడటం అలవాటైపోయింది. పధ్నాలుగు పేజీలూ ఓపిగ్గా తిరగేసింది.

"బహుత్ అచ్ఛా, త్యాగరాజ్ జీ. చేతిరాత చాలా బాగుంది" అంది.

త్యాగరాజు సిగ్గుపడ్డాడు.

"మీరంతా ఇంత ఆలోచించారు గదా, ఒక పని చేద్దాం. మీ గ్రూపు నుంచి ముగ్గురు రండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా పిల్లలతో కూర్చుని తినండి. తిన్నాక మీరు ఏం రాసిస్తే అది చేద్దాం. ఒక్కటే షరతు. భోజనశాలలో పిల్లలకి ఏ రూలో మీకూ అదే రూలు."

లింగయ్య అటెన్షన్‌లో నిలబడి "మంజూర్!" అన్నాడు. అనసూయ తూకం మిషను తెచ్చుకోవచ్చా అని అడిగింది. మూడో మనిషిగా ఎవరు వెళ్ళాలన్నది త్యాగరాజుని అడక్కుండానే అందరూ కలిసి అతన్ని ఎన్నుకున్నారు. అతనికి అది హాయిగానే అనిపించింది.

సోమవారం పన్నెండున్నరకి ముగ్గురూ చేతులు కడుక్కుని వరసలో నిలబడ్డారు. జులై ఉక్కపోత. భోజనశాల బల్లలు మోకాళ్ళ ఎత్తున, కుర్చీలు పిడికెడంత ఉన్నాయి. వడ్డించేది బిమ్లా దీదీ అనే, ఉత్తరాఖండ్ కొండల నుంచి వచ్చిన గఢ్వాలీ ఆమె. ఆమె ముందు ఎడంపక్క పసుపు పళ్ళేల దొంతర, కుడిపక్క ఆకుపచ్చ పళ్ళేల దొంతర. ఆవేళ పసుపులో జొన్న కిచిడీ, ఆకుపచ్చలో రొట్టె, సొరకాయ కోఫ్తా. పిల్లలు నడుస్తూ నడుస్తూనే ఒకటి లాక్కుని పోతున్నారు.

లింగయ్య "పీలా!" అని తుపాకి పేలినట్టు అరిచి పసుపు పళ్ళెం అందుకున్నాడు. అనసూయ రెండు గరిటెలనీ తూచి, కిచిడీ పదకొండు గ్రాములు ఎక్కువుందని రాసుకుని, అదే తీసుకుంది.

తరవాత త్యాగరాజు వంతు. చెయ్యి చాచాడు. ఆ చెయ్యి రెండు దొంతరలకీ సరిగ్గా నడిమధ్యన ఆగిపోయింది.

"కౌన్ సా, భయ్యా?" ఏది కావాలంది బిమ్లా దీదీ.

"నిన్న ఎక్కువమంది ఏది తీసుకున్నారు?"

"నిన్న ఆదివారం."

"పోనీ, మీ ఉద్దేశం ఏంటి?"

"నా ఉద్దేశం అడగకూడదు, భయ్యా. రూలు."

వెనక రెండు జడల పిల్ల ఒకతె ఖాళీ కడుపు పట్టుకుని "అంకుల్, జల్దీ" అంది. దాని వెనక ఇంకో పదిమంది. త్యాగరాజు చెమటలు తుడుచుకుంటూ, "మీరు కానివ్వండి, నేను మళ్ళీ వస్తాను" అని వరస చివరికి వెళ్ళాడు. మళ్ళీ ముందుకొచ్చాడు, మళ్ళీ చెయ్యి ఆగింది, మళ్ళీ చివరికి వెళ్ళాడు. మూడోసారి వచ్చేసరికి గంట కొట్టారు. గంట తరవాత వడ్డించకూడదన్నది ఇంకో రూలు. ఆ రోజు త్యాగరాజు ఖాళీ కడుపుతో మెట్రో ఎక్కి ఆఫీసుకి పోయాడు.

మంగళవారం సిద్ధంగా వచ్చాడు. ముందురోజే వంటల పేర్లు కనుక్కుని రాగి అట్టుకీ, మజ్జిగపులుసు అన్నానికీ లాభనష్టాలు రెండు వరసల్లో రాసుకున్నాడు. రాగి అట్టుకి తొమ్మిది లాభాలు తేలాయి. మజ్జిగపులుసుకీ తొమ్మిదే. వరసలో నిలబడి పదోది వెతుకుతుండగా గంట కొట్టారు.

ఈలోగా మిగతా ఇద్దరికీ వేరే రకం తెగులు పట్టుకుంది. ఫ్యాను కింద కుర్చీ ఒక్కటే ఉంది. మంగళవారం అందులో లింగయ్య కూర్చున్నాడు. బుధవారం అనసూయ పన్నెండింటికే వచ్చి దాని మీద తన చేతిరుమాలు పరిచి పెట్టుకుంది. లింగయ్య రుమాలు తీసి పక్కన పెట్టాడు.

"అది నాది, సార్! ముందే పెట్టినా!"

"కుర్చీ మీద పేరు రాసున్నదా?"

"నిన్న మీరు కూచోలేదా? ఈ దినం నాది!"

"నేను దేశం కోసం సియాచిన్‌ల కూసున్న, మేడమ్!"

"ఐతే మీకు ఫ్యాను ఎందుకు?"

ఈ వాదనకి పిల్లలు తినడం మాని చూశారు. లింగయ్య కొడుకు తలవంచుకుని, "వో మేరే పాపా నహీఁ హైఁ" అని పక్కవాడితో అన్నాడు. మా నాన్న కాదన్నమాట. ఆ గొడవలోనే లింగయ్య, తన పళ్ళెంలో పులావు ఉండగానే, పక్క బల్ల మీది పిల్లాడి పకోడీ నోట్లో వేసుకున్నాడు. అనసూయ అది చూసి లేచి, చెయ్యెత్తి, "మేడమ్, హీ ఈజ్ ఈటింగ్!" అని ఫిర్యాదు చేసింది. పీహెచ్‌డీ చేసిన మనిషి.

త్యాగరాజు ఇవేవీ గమనించలేదు. అతను వరసలో ఉన్నాడు.

బుధవారం సాయంత్రం ముగ్గురికీ తలా ఒక డైరీ ఇచ్చి పంపారు. త్యాగరాజు డైరీలో చాందినీ మేడమ్ గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: 'త్యాగరాజ్ మంచివాడు. కానీ ఏదీ తేల్చుకోడు. ఇతరులను ఆపుతాడు. మూడు రోజులుగా ఏమీ తినలేదు. రేపు తన పెద్దవాళ్ళను వెంట తీసుకుని రావలెను.'

ఆ రాత రెండుసార్లు చదువుకునేసరికి త్యాగరాజు చెవులు ఎర్రబడ్డాయి. ఇంద్రజ చదివి డైనింగు కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏవండీ, రేపు నాకు పొద్దుటి డ్యూటీ. అత్తయ్యగారు వస్తార్లెండి" అంది కళ్ళు తుడుచుకుంటూ.

తాయారమ్మకి మాత్రం ఒళ్ళు పులకరించింది. "వీడు చదువుకున్నన్నాళ్ళూ నన్ను ఒక్క మేష్టారైనా పిలవలేదమ్మా! పక్కింటి పార్వతిని వాళ్ళబ్బాయి కోసం నెలనెలా పిలిచేవారు. నాకెంత చిన్నతనంగా ఉండేదో" అంది. గురువారం నాడు పట్టుచీర కట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి మరీ స్కూలుకి తీసుకెళ్ళింది.

చాందినీ మేడమ్ గది బయట బెంచీ మీద అప్పటికే ఇద్దరు పెద్దలు కూర్చుని ఉన్నారు. ఒకరు లింగయ్య భార్య మాణిక్యం. అతని తల్లిదండ్రులు జగిత్యాలలో ఉండబట్టి ఆమె రావలసి వచ్చింది. రెండోవారు అనసూయ మామగారు రామమూర్తి. ఆయన వినికిడి మిషను పెట్టుకుని గంభీరంగా ఉన్నారు. తప్పు చేసిన ముగ్గురూ గోడకానుకుని నిలబడ్డారు.

ముందు మాణిక్యాన్ని పిలిచారు. పక్కవాళ్ళ పళ్ళెంలోది తీసుకుంటాడన్న ఫిర్యాదు విని ఆమె నెత్తి కొట్టుకుంది. "ఇంట్ల గూడ గిట్లనే, మేడమ్. నా కంచంలకెల్లి గుంజుకుంటడు. మీరన్న జెర గట్టిగ చెప్పుండ్రి." లింగయ్య నేలచూపులు చూశాడు. రామమూర్తిగారు కోడలి సంగతి విని, "మా కోడలు చానా తెలివైన పాప. ఫ్యాను కింద కూచోబెడితే ఏ గొడవా ఉండదు" అని సిఫార్సు చేసి వచ్చేశారు.

తరవాత తాయారమ్మ. ఆవిడకి హిందీ కూడా రాదు. మేడమ్ హిందీలో చెబుతుంటే త్యాగరాజే తన మీది ఫిర్యాదుని తెలుగులోకి మార్చి తల్లికి చెప్పవలసి వచ్చింది. నిజాయితీపరుడు కాబట్టి ఒక్క మాటా తగ్గించలేదు.

"మీ అబ్బాయి ఎంచుకోలేకపోతున్నాడు. ఇంట్లో కూడా అంతేనా అని అడుగుతున్నారమ్మా."

"ఇంట్లో ఎంచుకునే పనేముంది? నేను పెడతాను, వాడు తింటాడు."

"వీడికేది ఇష్టమో అడుగుతున్నారు."

తాయారమ్మ వెంటనే, "సొరకాయ" అంది. "సొరకాయ పాలు పోసి వండితే ప్రాణం పెడతాడు. గురువారం గురువారం అదే వండుతాను. ఇవాళా వండే వచ్చాను."

చాందినీ మేడమ్ కళ్ళజోడు పైనించి త్యాగరాజుని చూసి, "హాఁ, బేటా? నిజమేనా?" అంది.

త్యాగరాజు నోరు తెరిచాడు. నిజమో కాదో అతనికి తెలియదు. నలభై రెండేళ్ళ మనిషి, తనకి సొరకాయ ఇష్టమో కాదో వెతుక్కుంటూ అక్కడ అలా నిలబడిపోయాడు. "కనుక్కుని చెబుతాను, మేడమ్" అన్నాడు చివరికి.

ఆ రోజూ వరసలో అతని చెయ్యి ఆగిపోయింది. బిమ్లా దీదీ జాలిపడి ఒక అరటిపండు ఇవ్వబోయింది. ఏ అరటిపండు అని అడిగాడు.

శుక్రవారం ఆఖరి రోజు. ఆవేళ పసుపు పళ్ళెంలో రాజ్మా చావల్. ఢిల్లీ పిల్లలకి అది పండగతో సమానం. ఆకుపచ్చ పళ్ళెంలో మళ్ళీ సోమవారం నాటి రొట్టె, సొరకాయ కోఫ్తా. అంతా పసుపు దొంతర మీద పడ్డారు. త్యాగరాజు ముందుకొచ్చాడు, చెయ్యి చాచాడు, ఆగిపోయాడు. ఈసారి వరస చివరికి వెళ్ళబోతే బిమ్లా దీదీ గరిటె అడ్డం పెట్టింది. "ఆజ్ నహీఁ, భయ్యా. ఇవాళ తీసుకునే కదలాలి."

వెనక మూడో తరగతి ఆగింది. దాని వెనక రెండో తరగతి వచ్చి ఆగింది. వరస తలుపు దాటి, వసారా దాటి, ఆటస్థలంలోకి పోయింది. సంగీతం మేష్టారు అదేదో ప్రార్థన అనుకుని వచ్చి చివర నిలబడ్డాడు. ఉత్తరాలు తెచ్చిన పోస్టుమాన్ కూడా ఆయన వెనక నిలబడ్డాడు. లింగయ్య ఫ్యాను కింద నుంచి "సార్, కూసున్నోళ్ళం కూసున్నం, మీరు ఏదో ఒకటి గుంజుండ్రి!" అని అరిచాడు. అనసూయ గడియారం చూసి, "పదకొండు నిమిషాలు, సార్" అని ప్రకటించింది.

త్యాగరాజు మెదడులో ఇరవై ఏళ్ళ నాటి దరఖాస్తు ఫారం తెరుచుకుంది. చరిత్ర, భూగోళం. తప్పుది తీసుకుంటే? అన్న ఒక్క మాట చెవుల్లో హోరెత్తింది.

అప్పుడు ఎవరో అతని చొక్కా లాగారు. వరసలో నాలుగోదిగా ఉన్న భానుశ్రీ ముందుకొచ్చి నిలబడింది. కోపంగా లేదు. తండ్రి బూటు తాడు ఊడితే చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

"పాపా, అచ్ఛా నహీఁ లగా తో కల్ దూస్‌రా లే లేనా."

బాగుండకపోతే రేపు ఇంకోటి తీసుకో. ఆ పిల్ల అన్నది అంతే.

త్యాగరాజు కూతురి వంక చూశాడు. పదహారేళ్ళలో అతను చదివిన ఏ నిబంధనల పుస్తకంలోనూ ఈ వాక్యం లేదు. కరోల్ బాగ్‌లో సలహా ఇచ్చిన ప్రొఫెసర్లు చెప్పలేదు, జ్యోతిష్కుడు చెప్పలేదు. రేపు ఇంకోటి తీసుకోవచ్చు. ఎవరూ చంపరు. అతని చెయ్యి దానంతటది కదిలి ఆకుపచ్చ పళ్ళేన్ని అందుకుంది.

భోజనశాల గొల్లున నవ్వింది. రెండో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు. రాజ్మా వదిలి సొరకాయ తీసుకున్న మనిషిని వాళ్ళు అంతవరకూ చూడలేదు.

అతను పిడికెడు కుర్చీలో కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. రెండో ముద్ద పెట్టుకుని మళ్ళీ నమిలాడు. మొహం ముడుచుకుపోయింది, ఆ వెనకే వెలిగింది.

"భానూ! నాకు సొరకాయ ఇష్టం లేదే!" అన్నాడు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా చూపని సంతోషంతో.

"తో ఖతమ్ కరో. వదిలెయ్యకూడదు, రూలు" అంది భానుశ్రీ రాజ్మా కలుపుకుంటూ. అతను పళ్ళెం తుడిచినట్టు తినేశాడు. ప్రతి ముద్దా అసహ్యంగా ఉంది. తనంతట తాను తెచ్చుకున్న అసహ్యం కాబట్టి ఎందుకో గొప్పగా కూడా ఉంది.

ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి తల్లి ఎదురుగా నిలబడ్డాడు. "అమ్మా, నాకు సొరకాయ ఇష్టం లేదు."

తాయారమ్మ చేతిలో చిల్లులగరిటె అలాగే ఉండిపోయింది. "ఇన్నేళ్ళూ తిన్నావు కదరా?"

"నువ్వు అడగలేదు కదమ్మా."

"అడిగితే చెప్పేవాడివా?"

త్యాగరాజు ఆలోచించి, "లేదు" అన్నాడు.

తాయారమ్మ పీట మీద కూర్చుంది. "నాకూ పడదురా అది" అంది. "మీ నాన్నకి ఇష్టమని వండటం మొదలెట్టాను. ఆయన పోయేముందు ఆసుపత్రిలో చెప్పారు, ఇక సొరకాయ తినక్కర్లేదు తాయారూ, అదొక్కటే సుఖం అని. మందుల మత్తులో ఏదో అంటున్నారనుకున్నా." ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందో నవ్విందో త్యాగరాజుకి తేలలేదు. ఇంద్రజ ఫ్రిజ్ తలుపు తీసి, లోపలున్న రెండు సొరకాయల్నీ తీసి, పక్క క్వార్టర్లో ఇచ్చేసి వచ్చింది.

ఆ ముగ్గురి కమిటీ నివేదిక అరపేజీలో అయిపోయింది. 'పిల్లలు ఎంచుకోగలరు' అన్నది అందులో ముఖ్యమైన వాక్యం. త్యాగరాజు సంతకం పెట్టాడు. మిగతా ఇద్దరూ పెట్టలేదు. పరిశీలనకి వారం సరిపోలేదనీ, ఇంకో మూడు నెలలు పొడిగించాలనీ వాళ్ళు విడిగా అర్జీ పెట్టుకున్నారు. చాందినీ మేడమ్ కొంచెం వంగి, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ, కొత్త అడ్మిషన్లు ఏప్రిల్లో మొదలవుతాయనీ, ఫారాలు గేటు దగ్గర దొరుకుతాయనీ చెప్పింది. లింగయ్య ఒక ఫారం తీసుకున్నాడని మాణిక్యం తరవాత గ్రూపులో రాసింది. పధ్నాలుగు పేజీల విజ్ఞాపనని స్కూలు వృథా చెయ్యలేదు. రెండో వైపు ఖాళీగా ఉంది కాబట్టి ఒకటో తరగతివాళ్ళు దాని మీద ఏనుగుల బొమ్మలు వేసి వెనక్కి పంపారు.

సోమవారం ఆఫీసులో త్యాగరాజు బల్ల మీదికి ఒక పాత ఫైలు వచ్చింది. రెండో అంతస్తు వసారాలో మంచినీళ్ళ కూలరు మెట్లకి ఎడమవైపు పెట్టాలా కుడివైపు పెట్టాలా అన్న ఫైలు. తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. కూలరు అట్టపెట్టెలోనే ఉంది, అందరూ ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటున్నారు. త్యాగరాజు కలం తీసి రాశాడు: 'ఎడమవైపు పెట్టవచ్చును. బాగుండని యెడల కుడివైపునకు మార్చవచ్చును.'

పై అధికారి సూర్యనారాయణగారు కబురు చేశారు. శ్రీకాకుళం వైపు మనిషి, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. మొదటి వాక్యం దాటి రెండోదాన్ని వేలితో తడుముతూ, "ఏటిది త్యాగరాజూ, ఒంట్లో బాగున్నాదా? మార్చవచ్చునంటే ఏ రూలు కింద?" అన్నారు.

"మా అమ్మాయి చెప్పిందండి."

"ఏ శాఖ?"

"మూడో తరగతండి."

ఆయన రూళ్ళ పుస్తకాలు రెండు తిరగేశారు. మార్చకూడదని ఎక్కడా లేదు. భయంభయంగా సంతకం పెట్టారు.

మధ్యాహ్నానికి ప్లంబరు వచ్చాడు. గొట్టాలు భుజాన వేసుకుని మెట్ల దగ్గర నిలబడి, "సాబ్, కిస్‌కా బాయాఁ?" అని అడిగాడు. ఎవరి ఎడమ? ఎక్కేవాడి ఎడమా, దిగేవాడి ఎడమా? సెక్షన్ మొత్తం సీట్లలోంచి లేచింది. ఇంకో తొమ్మిదేళ్ళు గ్యారంటీ అనుకున్నారు. సూర్యనారాయణగారు గుమ్మం పట్టుకున్నారు.

"దిగేవాడిది" అన్నాడు త్యాగరాజు.

అదే చోట బిగించారు. దానివల్ల డైరెక్టరుగారి గది తలుపు సగమే తెరుచుకుంటోంది. ఆయన పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని బయటికి రావలసి వస్తోంది. వచ్చే సోమవారం కుడివైపు పెట్టి చూస్తామని త్యాగరాజు ఆయనకి మర్యాదగా చెప్పాడు. డైరెక్టరుగారు తలుపుకీ కూలరుకీ మధ్య ఇరుక్కుని, చేతికందిన గ్లాసు పట్టి, ఒక గుక్క తాగారు. నీళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి.